పాదులో పోసిన దానిమ్మ రసం

ఆదోని,
10 ఫిబ్రవరి 2025

చెల్లి పర్వీన్‌కు అన్న రఫీక్ సలాం.

ఈ సంచిలో సీసా ఉంది, చూసుకో. దానిమ్మ రసం. పొద్దున్నే నా చేతితో ఒలిచి తీశాను. చక్కెర వేయలేదు. దారిలో వేడెక్కకుండా రెండు ఐసుముక్కలు మాత్రం వేశాను. భీమప్ప నీకు తెలుసు కదా, ఇక్కడి మార్కెట్ నుంచి ఎమ్మిగనూరుకు టెంపోలో కూరగాయలు తోలే అతను. రోజూ మీ వీధి మీదుగానే పోతాడు. అడిగితే, "ఒక సంచి దింపి పోయేదానికి నాకేం బరువప్పా, ఈయ్" అన్నాడు. కాబట్టి ఇక రోజూ పంపుతాను. ఖాళీ సీసా మధ్యాహ్నం అతని తిరుగు టెంపోలో వేసెయ్.

ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, నీ ఫోన్ సంగతి నీకే తెలుసు. స్పీకర్ పెడితే తప్ప వినబడదు. మొన్న నేను "బిడ్డ తిరుగుతోందా" అని అడిగితే మీ అత్త ఖాజాబీ అందుకుని, "ఆ, తిరుగుతాండాది నాయనా, నువ్వు బాగుండావా" అంది. నాకు సిగ్గేసి పెట్టేశాను. అన్నాచెల్లెళ్ళ మాటలు ఇల్లంతా వినడం ఎందుకు? ఉత్తరమైతే నువ్వొక్కదానివే చదువుకుంటావు. ఇంట్లో మాట్లాడింది ఉర్దూ అయినా మనిద్దరికీ రాయడం వచ్చింది తెలుగే. నా రాత చూసి నవ్వకు. పదో తరగతి తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే.

ఐదో నెల నడుస్తోందని అమ్మ రోజుకొకసారి గుర్తు చేస్తోంది. ప్రతి నమాజులోనూ నీకోసమే దువా. రెండేళ్ళ కిందట ఏడో నెలలో బిడ్డ పోయినప్పుడు నువ్వు ఎంత నీరసించి ఉన్నావో నేను మర్చిపోలేదు. ఆ మాట ఇక ఎత్తను. ఈసారి నీ ఒంట్లో రక్తం తగ్గకుండా చూసే పూచీ మాత్రం నాది.

పత్తి యార్డు గేటు దగ్గర మన జ్యూస్ బండి బాగానే నడుస్తోంది. కౌతాళం రైతులు దిగగానే "కబ్బిన హాలు" అని అడుగుతారు. కన్నడంలో చెరకు రసాన్ని చెరకు పాలు అంటారట. నాకు ఆ మాట భలే నచ్చింది.

తాగి, ఎలా ఉందో రాయి.

నీ అన్న,
రఫీక్


ఎమ్మిగనూరు,
14 ఫిబ్రవరి

అన్నా, సలాం.

నాలుగు రోజుల సీసాలూ అందాయి. ఆ ఎరుపు చూస్తేనే ప్రాణం లేచివచ్చింది. ఒక్క సీసాలోనూ అడుగున చుక్క కూడా ఉంచలేదు. అత్తమ్మ నీ సీసా ఎత్తి వెలుగులో పట్టుకుని, "దీంట్లో నీళ్ళు కలపలేదే పిల్లా" అని మెచ్చుకుంది.

ఆయన బోరు మోటార్ల పని మీద కృష్ణగిరి వైపు వెళ్ళారు. ఎండలు ముదరకముందే అందరికీ మోటార్లు కావాలి. వచ్చేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. నేను బాగున్నాను. సాయంత్రం పాదాలు కొంచెం వాస్తున్నాయి, అది మామూలేనంటున్నారు.

ఒక మాట. నువ్వు వాడే ఐసు ఎక్కడి నుంచి వస్తుంది? కాయలు ఏ నీళ్ళతో కడుగుతావు? చెరకు మిషన్ రోజుకు ఎన్నిసార్లు కడుగుతావు? ఊరికే అడుగుతున్నాను, కూర్చుని ఉంటే ఏవేవో ఆలోచనలు వస్తాయి.

రోజూ పంపాలని పెట్టుకోకు. పొద్దున్నే ఒలవడం, భీమప్పన్న కోసం రోడ్డు మీద నిలబడటం, నీకు ఎంత పని? వారానికి ఒకసారి అయినా చాలు. అసలు కాయలే పంపితే నేను ఇక్కడ ఒలుచుకుని తింటాను.

అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నూనె రాసుకోమని చెప్పు.

పర్వీన్


ఆదోని,
18 ఫిబ్రవరి

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి సగం చదివినప్పుడు సంతోషం వేసింది. రెండో సగం దగ్గర ఆగిపోయాను.

ఆదోనిలో అందరి బండ్లకూ ఐసు ఎక్కడి నుంచి వస్తుందో నాకూ అక్కడి నుంచే వస్తుంది. గడ్డలు గోనెపట్టాలో చుట్టి ఫ్యాక్టరీ నుంచి ఆటోలో తెచ్చి దింపుతారు. నీళ్ళు డ్రమ్ములో ఉంటాయి, పొద్దున నింపుతాను. మిషన్ రాత్రికి కడుగుతాను. పన్నెండేళ్ళుగా బండి పెడుతున్నాను. నీ జ్యూస్ తాగి నాకు ఇలా అయిందని ఇంతవరకు ఒక్క మనిషి వచ్చి అనలేదు.

ఈ ప్రశ్నలు నీవి కావని నాకు తెలుసు. నీ వెనక ఎవరో నిలబడి అడిగిస్తున్నారు. మీ అత్త సీసా వెలుగులో పట్టుకుని చూసిందంటే మెచ్చుకోవడానికే చూసిందో, చెత్త ఉందేమో అని చూసిందో ఎవరికి తెలుసు? పోనీలే. పెద్దమనిషి, ఏమీ అనను.

కాయలు పంపమన్నావు. ఆ గింజలు ఒలవడం ఒక్క కాయకే అరగంట పని. వాచిన కాళ్ళతో నువ్వు కూర్చుని ఒలుస్తావా? నేనుండగా ఆ పని నీకెందుకు?

ఈరోజు రెండు సీసాలు పంపుతున్నాను. రెండోది చెరకు రసం, అల్లం, నిమ్మకాయ వేసి తీసింది. వేవిళ్ళు మిగిలి ఉంటే దీనికి పోతాయి. పోయినసారి నీకు ఇదొక్కటే గొంతు దిగేది, గుర్తుందా? వెంటనే తాగు, చెరకు రసం తొందరగా నల్లబడుతుంది.

అమ్మ నూనె రాసుకుంటోంది. రాసుకుంటూ నన్ను తిడుతోంది, పెళ్ళి చేసుకోలేదని.

రఫీక్


ఎమ్మిగనూరు,
27 ఫిబ్రవరి

అన్నా, సలాం.

అత్తమ్మను ఏమీ అనుకోకు. ఆమె నిజంగానే మెచ్చుకుంది. ఆ ప్రశ్నలు నావే. నీకు కోపం వస్తుందని తెలిసి ఉంటే అడిగేదాన్నే కాదు.

ఆదివారం నుంచి రంజాన్ రోజాలు. డాక్టరమ్మ ఈసారి నన్ను ఉండవద్దంది, అత్తమ్మ కూడా, "బిడ్డ పుట్టినాక ఉండొచ్చులే, అల్లా యాడికి పోతాడు" అంది. ఇఫ్తార్ వేళకు నీ బండి ముందు ఎంత మంది ఉంటారో నాకు తెలుసు. రోజా ఉండి, నోట్లో చుక్క నీళ్ళు లేకుండా, నువ్వు పొద్దున్నే నాకోసం కాయలు ఒలవడం నాకు ఇష్టం లేదు. ఈ నెల సీసాలు ఆపెయ్. పండుగ తర్వాత చూద్దాం.

కడుపులో తిరగడం ఇప్పుడు బాగా తెలుస్తోంది. పక్కింటి హులిగమ్మ చెయ్యి పెట్టి చూసి, మగ్గం ఆడినట్టు ఆడుతోందని నవ్వింది. వాళ్ళది నేతపని, ఆమెకు అన్నీ మగ్గంలాగే కనబడతాయి.

నువ్వు తెల్లవారకముందు సహర్‌కు సరిగ్గా తిను. ఉత్త టీ తాగి పోవద్దు.

పర్వీన్


ఆదోని,
6 మార్చి

పర్వీన్‌కు,

ఈరోజు సీసా లేదు. ఉత్తరం ఒక్కటే.

నువ్వు ఆపమన్నా నేను ఆపలేదు. రోజా ఉండి కూడా ఒలిచాను. నాకది కష్టం అనిపించలేదు. నిన్న భీమప్ప ఖాళీ సీసా ఇస్తూ అడిగాడు: "ఏం రఫీకన్నా, కరివేపాకు సెట్టుకు దానిమ్మ జ్యూస్ పోస్తే బాగా ఎదుగుతాదా? ఖాళీ సీసాకు పోయినప్పుడు సూస్తాండా, మీ సెల్లెలు రోజూ పెరట్లో పాదులోనే పోస్తాంది. మా ఇంట్లో కూడా ఒక సెట్టు ఉండాది." వాడు ఎగతాళికి అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను అవునని చెప్పి పంపించాను. ఇంకేం చెప్పమంటావు?

చుక్క కూడా ఉంచలేదని రాశావు. అది అబద్ధం కూడా కాదు. ఎంత బాగా రాశావో.

నీ పెళ్ళినాడు వాళ్ళ వైపు ఆడవాళ్ళు, "జ్యూస్ బండోళ్ళ పిల్ల" అని చెప్పుకుంటుంటే నేను షామియానా వెనక నిలబడి విన్నాను. నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. అప్పుడు బాధ కలగలేదు, నువ్వు అలా అనుకోవు కదా అని. ఇప్పుడు నువ్వు కూడా ఆ ఇంటి మనిషివైపోయావు. ఐసు ఎక్కడిది, నీళ్ళు ఎక్కడివి అని అడిగినప్పుడే నాకు అర్థం కావలసింది. రోడ్డు మీద చేసింది, దుమ్ములో చేసింది, ఆ చేతులతో చేసింది. అంతే కదా?

నీకు వద్దంటే వద్దని చెప్పవచ్చు. మట్టిలో పోయాల్సిన పని లేదు.

రఫీక్


ఎమ్మిగనూరు,
8 మార్చి

అన్నా,

నువ్వు రాసినదానిలో ఒక్కటే నిజం. నేను పాదులో పోశాను. మొదటి రోజు నుంచీ పోశాను. మిగిలినదంతా తప్పు.

జరిగింది చెబుతాను. నీ మొదటి సీసా రావడానికి వారం ముందు నేను పరీక్షకు వెళ్ళాను. పోయినసారి బిడ్డ పోయిందని చెబితే డాక్టరమ్మ నన్ను చాలాసేపు కూర్చోబెట్టి మాట్లాడింది. ఏం తినాలి, ఏం తినకూడదు అంతా. కాచని పాలు వద్దంది. బయట కోసిపెట్టిన పండ్లు వద్దంది. తర్వాత, "బండి మీద తీసే పచ్చి జ్యూస్ అసలు ముట్టుకోవద్దు" అంది. నేను, "మా అన్నదే బండి డాక్టరమ్మా, శుభ్రంగా చేస్తాడు" అన్నాను. ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు.

"మీ అన్న మంచివాడే అయి ఉంటాడు. క్రిములకు ఆ సంగతి తెలియదు కదమ్మా. కాయ తొక్క మీద మట్టి ఉంటుంది, కత్తి పెట్టగానే అది రసంలోకి దిగుతుంది. చెరకు మిషన్లో పిప్పి ఇరుక్కుని పులుస్తుంది. ఐసు ఏ నీళ్ళతో చేశారో ఎవరికీ తెలియదు. పాలైతే కాచి తాగుతాం, దీన్ని ఎవరూ కాచరు. మామూలు మనిషికి మహా అయితే రెండు రోజులు కడుపు చెడుతుంది. గర్భంతో ఉన్నవాళ్ళకు తల్లికి ఉత్త జ్వరంలా వచ్చి పోతుంది, లోపల బిడ్డకు మాత్రం పెద్ద ప్రమాదం" అని చెప్పింది.

పదో తారీఖున నీ సంచి వచ్చింది. సీసా ఇంకా చల్లగా ఉంది. నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తాగలేను. తిప్పి పంపలేను. ఎవరికైనా ఇద్దామంటే, నేను భయపడి తాగనిది పక్కింటి పిల్లలకు ఎలా ఇవ్వను? పెరట్లోకి వెళ్ళి పోశాను. చీమలు పట్టి అత్తమ్మ కనిపెట్టేసింది. "తినే వస్తువు మట్టిలో పోస్తావా? మీ అన్నకు సెప్పేదానికి నోరు లేదా నీకు?" అని నీ తరఫునే నన్ను తిట్టింది. ఆమె నీకు శత్రువు కాదు.

నీ చేతుల గురించి అలా రాయవద్దు. పదేళ్ళ వయసులో నాకు టైఫాయిడ్ వస్తే ఆ చేతులతోనే గంజి తాగించావు. నీకు చెబితే నొచ్చుకుంటావని దాచాను. దాచడం వల్ల ఇంకా ఎక్కువ నొప్పించాను. తప్పు నాది.

పెళ్ళినాడు వాళ్ళు అన్న మాట నేనూ విన్నాను. నాకు ఎప్పుడూ సిగ్గుగా లేదు.

జవాబు రాయి.

పర్వీన్


ఆదోని,
16 మార్చి

చెల్లీ,

ఎనిమిది రోజులు రాయలేదు. కోపంతో కాదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. పన్నెండేళ్ళలో ఎప్పుడూ లోపలికి పోలేదు, గడ్డ బండి దగ్గరికే వచ్చేది. లోపల తొట్టి అంచున పచ్చగా పాచి. బోరు నీళ్ళు అలాగే పైపుతో పట్టేస్తున్నారు. గడ్డలను కొక్కెం వేసి నేల మీద లాగుతున్నారు, ఆ నేల మీదే చెప్పులతో నడుస్తున్నారు. అక్కడ పనిచేసే యేసేపు నాకు తెలిసినవాడే. "ఏం యేసేపూ, దీన్నే మేము జ్యూస్‌లో వేస్తాండేది" అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. "ఇది సేపలు సల్లగా ఉండేదానికన్నా. తాగేదాంట్లో ఎయ్యమని మేం యాడ సెప్పినాం?" అన్నాడు.

నిజమే. ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంటికి వచ్చి మిషన్ మొత్తం విప్పాను. రోజూ కడుగుతున్నాననుకున్నాను కదా. పళ్ళచక్రం వెనక, వేలు దూరని చోట, నల్లగా జిగురు పేరుకుని ఉంది. గోకితే ఊడి వచ్చింది. ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది.

ఆ రోజు నుంచి బండి పెట్టలేదు. అమ్మ అడుగుతోంది, రంజాన్ నెలలో బండి మూసేవాడు ఎవడైనా ఉంటాడా అని. నడుము నొప్పి అని చెప్పాను.

పర్వీన్, ఒకటి అడుగుతాను. నిజం చెప్పు. రెండేళ్ళ కిందట ఆ వేసవిలో కూడా నీకు జ్యూస్ పంపింది నేనే. రోజూ పంపాను. అప్పుడు టెంపో లేదు, నేనే బస్సెక్కి తెచ్చి ఇచ్చేవాణ్ణి. నీకు జ్వరం వచ్చింది. ఉత్త జ్వరమే అన్నారు. నాలుగు రోజులకు బిడ్డ కదలడం ఆగిపోయింది. డాక్టరమ్మ చెప్పిన మాటలు నువ్వు రాశావు, తల్లికి ఉత్త జ్వరంలా వచ్చి పోతుందని. అది చదివినప్పటి నుంచి నాకు ఇంకేమీ తోచడం లేదు.

ఆ జ్వరంలో కూడా రెండు రోజులు తెచ్చాను. నీకు వద్దంటే, కొంచెం తాగమ్మా అని బతిమాలి తాగించాను. గ్లాసు నేనే పట్టుకున్నాను.

నేను చేసిందేనా? నువ్వు ఇన్ని రోజులూ దాచింది ఇదేనా?

రఫీక్


ఎమ్మిగనూరు,
18 మార్చి

అన్నా,

అవును. నేను దాచింది అదే.

నువ్వు ఆ మాటకు వస్తావని భయపడ్డాను. పచ్చి జ్యూస్ వద్దని ఒక్క మాట నీకు రాస్తే చాలు, నువ్వు ఒక్క రోజులో ఆ బిడ్డ సంగతి దాకా వెళతావు. నాకు నువ్వు తెలుసు. అందుకే చెట్టు పాదులో పోశాను. నీకు నామీద కోపం వచ్చినా భరించవచ్చుననుకున్నాను.

డాక్టరమ్మ చెప్పిన రోజే నేను ఆ ప్రశ్న అడిగాను. నువ్వు అడిగినట్టే అడిగాను. అప్పటి కాగితాలన్నీ చూపించాను. ఆమె ఒక్కొక్కటీ చూసింది. "అప్పుడు ఈ క్రిముల పరీక్ష చేయలేదు. చేసి ఉంటే తెలిసేది. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. జ్వరాలకు నూరు కారణాలు ఉంటాయి. బిడ్డ పోవడానికీ కారణాలు ఎన్నో ఉంటాయి. చాలాసార్లు మాకే దొరకవు" అంది. నేను మళ్ళీ అడిగాను, అయి ఉండవచ్చా అని. "అయి ఉండవచ్చు. కాకపోయి ఉండవచ్చు" అంది.

నేను నీకు కాదని రాయలేను అన్నా. కాదని రాస్తే నువ్వు నమ్మవు. అవునని రాయడానికి ఎవరి దగ్గరా రుజువు లేదు. తెలియదు అన్నదే నిజం. ఒక నెలన్నర ఆ మాటతోనే నేను లేచాను, ఆ మాటతోనే పడుకున్నాను. ఇప్పుడు అది నీకూ వచ్చింది. ఒక్కదాన్నే మోసినప్పటికంటే కొంచెం తేలికగా ఉంది అంటే నన్ను తిట్టుకోవద్దు.

నాకు తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఆ వేసవిలో అన్నం ముద్ద దిగేది కాదు. నలభై రోజులు నువ్వు ఆ ఎండలో బస్సు దిగి మూడు వీధులు నడిచి వచ్చావు. బిడ్డను కబరస్తాన్‌కు తీసుకుపోయినప్పుడు మీ బావకు కాళ్ళు ఆడకపోతే, మోసుకుపోయింది నువ్వు. అవి మాత్రం ఎవరూ డాక్టరును అడగనక్కరలేదు.

బండి మూసి కూర్చుంటే ఏం లాభం? నువ్వు మూస్తే ఆ జనం పక్క బండి దగ్గరకు పోయి అదే ఐసుతో తాగుతారు. నువ్వు చూశావు, వాళ్ళు చూడలేదు. తెరువు. తెరిచి, నీకు తెలిసినట్టు చెయ్యి. డాక్టరమ్మ చెప్పినవి వెనక కాగితంలో రాశాను.

అమ్మకు చెప్పు. నడుము నొప్పి అని ఎన్నాళ్ళు చెబుతావు? మన ఇంట్లో దాచడం ఇక చాలు.

నీ పర్వీన్


ఆదోని,
20 ఏప్రిల్

చెల్లీ, సలాం.

పండుగకు మాట్లాడుకున్నాం కానీ అందరి ముందు ఇవేవీ చెప్పలేకపోయాను.

అమ్మకు చెప్పాను. అంతా చెప్పాను. ఆ వేసవి సంగతి కూడా. నేను ఏడుస్తుంటే ఆమె దగ్గరకు కూడా రాలేదు. తర్వాత లేచి వంటింట్లోకి పోయి పెద్ద దేగిశా కిందకు దించింది. "ఏడ్సుకుంటా కూర్సుంటే నీళ్ళు కాగవు. పొయ్యి ముట్టించు" అంది. ఇప్పుడు రోజూ ఆమే నీళ్ళు కాచి చల్లార్చి ఇస్తుంది. కాయలు వాటితోనే కడుగుతాను. మిషన్ పొద్దున విప్పి, మధ్యాహ్నం ఒకసారి, మూసేముందు ఒకసారి వేడినీళ్ళు పోసి తోముతాను. చేతులు బొబ్బలెక్కాయి.

ఐసు మానేశాను. ఇది మాత్రం కష్టంగా ఉంది. ఈ ఎండల్లో మనిషి జ్యూస్‌కు వచ్చేదే చల్లదనానికి. "సల్లగా లేకుంటే ఇదేం జ్యూసప్పా, ఉడుకు నీళ్ళు తాగినట్టుండాది" అని మొహం మీదే అంటున్నారు. మొదటి వారంలో సగం మంది పక్క బండికి పోయారు. కొందరు మళ్ళీ వస్తున్నారు. కౌతాళం నుంచి వచ్చే ముసలి రైతు ఒకాయన ఐసు లేకపోతేనే రుచి తెలుస్తోందని రెండు గ్లాసులు తాగాడు. నామీద జాలితో అన్నాడో ఏమో.

మొన్న బుధవారం ఒక జంట వచ్చింది. మద్దికెర నుంచి ఆస్పత్రికి వచ్చారట. అతని పేరు మహేంద్ర, ఆ పిల్ల మౌనిక. ఆ పిల్లకు ఆరో నెలో ఏడో నెలో ఉంటుంది, నీలాగే నడుము పట్టుకుని నిలబడింది. రెండు గ్లాసులు చెరకు రసం అడిగాడు. నేను ఒకటి తీసి అతనికిచ్చాను. రెండోది తీయడానికి చెయ్యి రాలేదు.

"ఆమెకు వద్దన్నా" అన్నాను.

అతనికి కోపం వచ్చింది. "ఏం, ఎందుకు వద్దు? అందరికీ పోస్తాండావ్, మాకెందుకు పోయవు? మేమేం తక్కువ తిన్నోళ్ళమా?"

చుట్టూ నలుగురు ఉన్నారు. నా బండి ముందు నిలబడి, నా జ్యూస్ తాగొద్దని నేనే ఎలా చెప్పాలి? చివరకు, "నా సెల్లెలు కూడా ఇట్లనే ఉండాదన్నా. ఆమెకే పంపేది మానేసినాను. మీ ఆమెకు ఎట్ల పోయాల?" అన్నాను.

నువ్వు రాసిన కాగితంలో ఉన్నదంతా చెప్పాను. ఎంత కడిగినా, ఐసు మానేసినా, ఇది పచ్చిదే, కడుపుతో ఉన్నవాళ్ళకూ చంటిపిల్లలకూ పనికిరాదని చెప్పాను. మహేంద్ర చేతిలోని గ్లాసు చూసుకుంటూ నిలబడ్డాడు. మౌనిక, "మరి నాకు దప్పికైతాందన్నా, ఏం తాగాల?" అని అడిగింది. అమ్మ తాగడానికి ఇచ్చిన కాచిన నీళ్ళ సీసా ఉంటే అది ఇచ్చాను. రెండు బత్తాయిలు సంచిలో వేసి, ఇంటికి పోయి కడిగి ఒలుచుకుని తినమన్నాను.

వాళ్ళు వెళ్ళిపోయారు. వెనక వరసలో ఉన్న ఇద్దరు కూడా గ్లాసులు ముట్టుకోకుండా వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఇంకెవరూ రాలేదు. అయినా ఆ రోజు, ఆ నెలంతటిలో మొదటిసారి, అన్నం తినగలిగాను.

తెలియదు అన్నమాట నాకు ఇంకా అలవాటు కాలేదు. అవుతుందేమో కూడా తెలియదు.

నువ్వు జాగ్రత్త. కడుపులో కదలిక ఒక్క పూట తగ్గినా ఉత్తరం రాయకు, స్పీకర్ ఫోన్లోనే చెయ్యి. ఊరంతా విన్నా పరవాలేదు.

అన్న


ఎమ్మిగనూరు,
21 జూన్

అన్నా, సలాం.

బిడ్డ పక్కన పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువు. నేటికి వారం. రెండు కిలోల తొమ్మిది వందలు ఉన్నది ఇప్పుడు కొంచెం తగ్గిందట, మళ్ళీ పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆకలేస్తే ఊరుకోదు. అమ్మ, అత్తమ్మ దాని ముక్కు ఎవరిదని పొద్దున్నుంచి వాదించుకుంటున్నారు. మీ బావ బోరు మోటారు పట్టుకున్నట్టు పట్టుకుంటున్నారు, రెండు చేతులూ బిగించి, ఊపిరి తీయకుండా.

నువ్వు మొన్న వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డావు. ఎత్తుకోమంటే, "బండి చేతులు, వద్దులే" అని వెనక్కి పెట్టుకున్నావు. అందరూ నీకు సిగ్గు అనుకున్నారు. నేను అనుకోలేదు. నువ్వు పోయాక ఒక గొడవ జరిగింది, అది చెప్పాలి.

అత్తమ్మ తేనె సీసా తెచ్చింది. వాళ్ళ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ నాలుక మీద రాశారట. నేను వద్దన్నాను. ఏడాది నిండేదాకా తేనె పెట్టవద్దని, ఆరు నెలలదాకా నా పాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దని డాక్టరమ్మ చెప్పిందన్నాను. అత్తమ్మ మొహం చిన్నబోయింది. "నా మొగుడికి, నా కొడుక్కి, అందరికీ రాసినాము. ఎవరు సచ్చినారు?" అంది. ఆ మాట నోటి నుంచి జారగానే ఆమెకే కళ్ళనీళ్ళు తిరిగాయి. సీసా తీసుకుపోయి లోపల పెట్టేసింది. సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని, "ఆరు నెలలైనాక అయినా మొదట ఎవరితో తినిపిస్తావు పిల్లా?" అని అడిగింది. ఆమె తనకే ఇస్తానంటానని ఆశపడి అడిగిందని నాకు తెలుసు.

నేను నీ పేరు చెప్పాను.

డిసెంబరు పద్నాలుగుకు ఆరు నెలలు నిండుతాయి. ఆపిల్ ఉడికించి మెత్తగా మెదిపి నేను సిద్ధంగా పెడతాను. మొదటి ముద్ద నువ్వే పెట్టాలి. స్పూనుతో కాదు, నీ వేలితో. అత్తమ్మతో చెప్పాను, ఆయనతో చెప్పాను, అమ్మతో చెప్పాను. అత్తమ్మ, "పెట్టనీలే, మేనమామ కదా" అంది.

గోళ్ళు కత్తిరించుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని రా. ఆ రోజు బండి పెట్టొద్దు.

నీ చెల్లెలు,
పర్వీన్